కళ్లజోడు డబ్బాలో అప్పం

ఎనిమిదేళ్ల పిల్లల్ని డజనుమందిని వరసలో నిలబెట్టడమంటే కప్పల తక్కెడే. ఒకణ్ణి సర్దేలోపు ఇంకొకడు గెంతుతాడు. ఆ శనివారం పొద్దున చర్చిలో ఆ తక్కెడ పట్టుకుని అవస్థ పడుతున్నది కోడలు. కళ్లజోళ్ల షాపులో అద్దాలు బిగించే ఉద్యోగం ఆమెది. షాపుకొచ్చేవాళ్లకి కళ్లద్దాలమ్మాయి, పిల్లలకి టీచరక్క. చర్చిలో పెద్దవాళ్లందరికీ మాత్రం ఆమె కోడలే. ఎందుకంటే పీఠం మీద గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేదీ, పూలు సర్దేదీ, పూజపాత్రలు తోమి మెరిపించేదీ, ప్రసంగం మధ్యలో ఎవరు ఆవులించారో గుర్తుపెట్టుకునేదీ వాళ్ల అత్తగారు. ఆవిడ కోడలంటే ఇక అక్కడ అందరికీ కోడలే.

మర్నాడు ఆ పిల్లలు మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకోబోతున్నారు. ఏడాది పొడుగునా శనివారాలు సత్యోపదేశం చెప్పి వాళ్లని ఆ రోజుకి సిద్ధం చేసింది కోడలే. జీతమూ లేదు, భత్యమూ లేదు. అప్పుడప్పుడు పిల్లల తల్లులు ఇచ్చే చిరునవ్వొకటి, అదీ పిల్లల్ని వదిలి తొందరగా వెళ్లిపోతూ.

ఇక్కడో సంగతి చెప్పాలి. కోడలు ఆ మతంలో పుట్టి పెరిగిన మనిషి కాదు. పెళ్లికి ముందు ఏడాదిపాటు పాఠాలు నేర్చుకుని జ్ఞానస్నానం పుచ్చుకుంది. "పెళ్లి కోసం మునిగిందిలే" అని వెనక బెంచీల్లో ఒకరిద్దరు గుసగుసలాడకపోలేదు. పిల్లలకి పాఠాలు చెప్పే సిస్టరుగారికి బదిలీ అయినప్పుడు, "ఇక ఎవరు చెబుతారు?" అని ఫాదర్ గారు అడిగితే, అత్తగారు కోడలి వైపైనా చూడకుండా "మా కోడలు చెబుతుంది" అనేసింది. అందరి ముందూ ఆవిడ అంత మాట అన్నాక కాదనడానికి నోరెక్కడిది?

చెప్పింది. బాగానే చెప్పింది. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు నాలుక చివర ఉండేది. తంటా అంతా అక్కడే వచ్చింది. నోటికొచ్చింది గుండెకొచ్చిందో లేదో ఆమెకే తెలియదు. పూజలో అందరూ కళ్లు మూసుకుని తల వంచినప్పుడు ఆమె కళ్లు తెరుచుకునే ఉండేవి. ముందు బెంచీ పెద్దాయన జోడు ముక్కు మీదికి జారుతోంది, కాడ స్క్రూ బిగించాలి అని అనుకునేది. పక్కనున్న అత్తగారి మొహం చూస్తే మాత్రం సిగ్గేసేది. ఆవిడ ఆ క్షణాన మరెక్కడో ఉండేది. తనకే రూఢిగా తెలియని దాన్ని ఊళ్లో వాళ్ల పిల్లలకి నూరిపోయడం మోసం కాదా? అదీ ఆమె బాధ. ఆదివారంతో సరి, ఇక నావల్ల కాదని ఫాదర్ గారితో చెప్పేయాలని గట్టిగా అనుకుంది. ఆ సాయంత్రం ఆయన పిల్లల పాపసంకీర్తనాలు, అంటే వాళ్లు తమ తప్పులు ఒప్పుకోవడం, వింటారు. చివర్న తనూ వెళ్లి ఆ మాట కూడా చెప్పేస్తే ఒక పనైపోతుంది. షాపులో ఆవగింజంత స్క్రూలు బిగిస్తూ ఆ మాటల్ని వారం రోజులుగా కూర్చుకుంటోంది.

ముందు రోజు పిల్లలకి ఉత్త అప్పాలతో అలవాటు చేయించడం ఆ చర్చి పద్ధతి. పలచగా, గుండ్రంగా, కోటు బొత్తామంత ఉంటుంది అప్పం. పిండీ నీళ్లూ తప్ప అందులో ఏమీ ఉండదు, ఉప్పు కూడా. పూజలో ఫాదర్ గారు దాని మీద ఆ మాటలు పలికేదాకా అది వట్టి రొట్టె. పలికాక అది దివ్యసత్ప్రసాదం, క్రీస్తు శరీరమని వాళ్ల నమ్మకం. అప్పుడిక దాన్ని కిందపడనివ్వరు. మిగిలితే పీఠం వెనక మందసంలో పెట్టి తాళం వేస్తారు, పక్కన ఎర్రదీపం వెలిగిస్తారు. ఆ రుచి ముందుగా తెలియకపోతే పిల్లలు అసలు రోజున మొహాలు అష్టవంకర్లు తిప్పుతారని ఈ ఏర్పాటు.

ఉత్త అప్పాలు ఎప్పుడూ పూజవస్త్రాలు పెట్టే గదిలో, అల్మరా కింది అరలో, ప్లాస్టిక్ సంచిలో ఉంటాయి. ఆ పొద్దున చూస్తే సంచి ఖాళీ. అడుగుదామంటే అత్తగారు పూల కోసం మార్కెట్టుకి వెళ్లింది. పై అరలో మూత ఉన్న గుండ్రటి గిన్నె, బంగారు రంగుది, కనపడింది. మూత తీస్తే నిండా అప్పాలే. "కావలసినన్ని తీసుకో అమ్మా" అని ఫాదర్ గారు ముందే అన్నారు కదా అని ఒక గుప్పెడు ప్లేటులో పోసుకొచ్చింది.

"టీచరక్కా, ఎర్రదీపం ఆరిపోయింది," అని ఎవరో అరిచారు.

"బల్బు పోయుంటుందిలే. నువ్వు వరస తప్పకు," అంది కోడలు.

ఇక చూడాలి తమాషా. కుడిచేతి మీద ఎడమచెయ్యి పెట్టాలి, "ఆమెన్" అనాలి, అక్కడే నోట్లో వేసుకోవాలి. అంతే పని. ఒకడు అంగిట్లో అంటుకుందని వేలు పెట్టి గీకాడు. ఒకడు "ఇంకోటి" అన్నాడు. ఒకతె "కాగితంలా ఉంది" అని తేల్చేసింది. ఒక అప్పం కిందపడితే వెనకవాడు దాన్ని బూటుకాలితో చక్కగా తొక్కాడు. అందరూ విరగబడి నవ్వారు. కోడలు కూడా నవ్వింది. ఆ ముక్కల్ని ఏరి కిటికీలోంచి పిచ్చుకలకి వేసింది.

నవ్వనిది ఒక్క వకీలమ్మ. ఏది చెప్పినా రుజువు అడుగుతుందని ఆ పిల్లకి తోటి పిల్లలు పెట్టిన పేరది. అప్పం నాలుక మీద పడగానే వకీలమ్మకి ఓకారం వచ్చింది. ఇంకోటి ఇస్తే మళ్లీ అంతే. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రేపు అందరి ముందూ కక్కేస్తానేమో టీచరక్కా."

"ఏం కక్కవు. బిస్కెట్టులా గబగబా నమలకు. మెత్తబడనివ్వు, తర్వాత మింగు."

వకీలమ్మ ముక్కు తుడుచుకుంది. "రేపు ఇందులో నిజంగా ఆయనే ఉంటాడా?"

"ఉంటాడు. పాఠంలో చెప్పుకున్నాం కదా."

"పాఠం కాదు. మీకు తెలుసా?"

కోడలు ప్లేటులో మిగిలిన అప్పాలు ఒక పక్కకి సర్దింది. పుస్తకంలో ప్రతి ప్రశ్నకీ జవాబుంది గానీ ఈ ప్రశ్న పుస్తకంలో లేదు. "ముందు నువ్వు మింగడం నేర్చుకో," అని మాట మార్చి, ఇంకో మూడు అప్పాలు టిష్యూ కాగితంలో చుట్టి ఇచ్చింది. "ఇంట్లో అలవాటు చేసుకో. భయపడకు, ఇవి ఉత్త అప్పాలే."

మధ్యాహ్నం ఇంట్లో అత్తగారు పీఠం మీద పరిచే తెల్లగుడ్డ ఇస్త్రీ చేస్తూ కథ అందుకుంది. కొడుకు అంబులెన్సు డ్రైవరు, ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. కాబట్టి వినేది కోడలొక్కతే. అత్తగారి కథల సంగతి తెలిసినవాళ్లు ముందుగా కుర్చీ వేసుకుంటారు. టైమెంతైందని అడిగితే ఆ గడియారం ఎవరు కొన్నారో అక్కణ్నుంచి మొదలవుతుంది.

"నిన్న సాయంత్రం ఏమైందనుకున్నావు? నేను పూలకుండీలు కడుగుతున్నా. నీలం కుండీ ఉంది చూడు, మూతి పగిలింది, అది కాదు, రెండోది. అప్పుడు పిలిచారు ఫాదర్ గారు. మందసం తాళం పట్టేసిందిట. నానా తిప్పలు పడి తెరిచాం గానీ మళ్లీ తాళం పడదే! తాళాలు బాగుచేసే ఆయన సోమవారం గానీ రానన్నాడు. వాళ్ల బావమరిది ఇల్లు మారుతున్నాడట. ఆ బావమరిది ఎవరనుకున్నావు..."

"మరి దివ్యసత్ప్రసాదం ఎక్కడ పెట్టారు అత్తయ్యా?" అని ఉబుసుపోక అడిగింది కోడలు.

"అదే చెబుతున్నా, తొందరెందుకు? తాళం లేని చోట ఆయన్ని ఉంచుతామా? ఫాదర్ గారు ఎర్రదీపం ఆర్పేసి, ఆ గుండ్రటి గిన్నె తీసుకొచ్చి, గుడ్డల గదిలో అల్మరా పై అరలో పెట్టారు. పెట్టేసరికి నాకు... అయ్యో, గుడ్డ మాడేట్టుంది! ఆ నీళ్ల సీసా ఇటు అందుకో అమ్మాయ్."

అందుకోవడానికి అమ్మాయి అక్కడ లేదు. షాపు సంచీ భుజాన వేసుకుని అప్పటికే మెట్లు దిగిపోతోంది.

పై అర. గుండ్రటి గిన్నె. ఆరిపోయిన ఎర్రదీపం. అంటే పొద్దున తను ప్లేటులో పోసుకొచ్చి పిల్లలకి పప్పుబెల్లాల్లా పంచింది దివ్యసత్ప్రసాదాన్నా? పాపసంకీర్తనమైనా చేయని పిల్లలు నవ్వుతూ తుళ్లుతూ తినేశారు. రేపటి కోసం తల్లులు కుట్టించిన తెల్లబట్టలు ఇంకా ఇస్త్రీ అయినా కాలేదు, వాళ్ల మొదటి దివ్యసత్ప్రసాదం ఎవరికీ తెలియకుండా అయిపోయింది. బూటుకాలి కింద నలిగింది. పిచ్చుకలు తిన్నాయి. అన్నిటికంటే ఆమెని కోసేసింది ఒకటే: తను నవ్వింది. "మా కోడలు చెబుతుంది" అన్న అత్తగారు రేపటి నుంచి తలెత్తుకుని ఆ పీఠం దగ్గరికి ఎలా వెళుతుంది?

ఫాదర్ గారికి చెప్పాలి. తప్పదు. కానీ దానికంటే ముందు ఆ పిల్ల ఇంట్లో మూడున్నాయి, టిష్యూ కాగితంలో. జరిగినదాన్ని ఎలాగూ వెనక్కి తేవడం కుదరదు. ఆ మూడింటినైనా తేవాలి.

వకీలమ్మ వాళ్లది మూడో అంతస్తు. లిఫ్టు కోసం ఆగడానికి ఓపిక లేక మెట్లన్నీ ఎక్కేసింది. వకీలమ్మే తలుపు తీసింది. ఆ పిల్ల తల్లి లోపల బట్టలు ఉతుకుతున్నట్టుంది, మిషన్ చప్పుడు వినపడుతోంది.

"అప్పాలేవి?" అంది కోడలు. ఆయాసంలో ఇంకో మాట రాలేదు.

"ఒకటి తిన్నా. ఓకారం వచ్చింది," అంది వకీలమ్మ. "ఒకటి తమ్ముడికి పెట్టా. వాడు ఉమ్మేశాడు."

"ఎక్కడ?"

"చాప మీద. అమ్మ తడిగుడ్డతో తుడిచేసింది."

పై ప్రాణాలు పైనే పోయాయి కోడలికి. "మూడోది?"

మూడోది పెన్సిళ్ల డబ్బాలో ఉంది, సగం అరిగిన రబ్బరు పక్కన. కోడలు వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కొచ్చింది. సంచీలో ఎవరికో ఇవ్వాల్సిన కొత్త కళ్లజోడు డబ్బా ఉంటే జోడు తీసి సంచీలోనే పడేసి, డబ్బాలో అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ, ఇంకా మడత విప్పనిది, పరిచింది. ఆ పెన్సిళ్ల డబ్బా ముందు తను మోకాళ్ల మీద ఉన్న సంగతి ఆమెకే తెలియదు. రెండు చేతులూ చాచి, అప్పాన్ని వేళ్లతో కాక అరచేతుల్లోకి తీసుకుంది. చేతులు వణుకుతున్నాయి. ఊపిరి తగిలితే ఎగిరిపోతుందేమోనని ఊపిరి కూడా బిగపట్టింది. మెల్లగా గుడ్డ మీద పెట్టి, డబ్బా మూసింది.

వకీలమ్మ పక్కన నిలబడి రెప్ప వేయకుండా చూస్తోంది. "అది ఉత్త అప్పమే కదా టీచరక్కా?"

కోడలు డబ్బా పట్టుకుని లేచింది. "సాయంత్రం పాపసంకీర్తనానికి ఆలస్యం చేయకు," అని మాత్రం అనగలిగింది.

వీధిలోకి వచ్చాక నడక మారిపోయింది. వచ్చేటప్పుడు పరిగెత్తిన మనిషి ఇప్పుడు అడుగు తీసి అడుగు వేస్తోంది. డబ్బాని రెండు చేతులతో గుండెకి హత్తుకుంది. ఎదురొచ్చిన సైకిలువాడు బెల్లు కొడితే ఒదిగి గోడవారగా నిలబడింది. కిరాణా కొట్టాయన గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"కళ్లద్దాలమ్మాయ్, సమయానికి కనపడ్డావు. ఈ జోడు ఒక్కసారి చూడు తల్లీ, కాడ వదులైపోయింది. తల వంచితే చాలు, సరుకుల్లో పడుతోంది."

జోడు తీసి ఆమె మొహం ముందు ఆడించాడు. కోడలు దాన్ని చూడలేదు. చూసినా కనపడలేదు. ఆ క్షణాన ఆమెకి లోకంలో స్క్రూలూ లేవు, కాడలూ లేవు. చేతుల్లో ఉన్నది ఎవరు! ఆయన్ని పట్టుకుని బేరసారాల మాటలు ఎలా మాట్లాడుతుంది? నోరు మెదపకుండా తల అడ్డంగా ఊపి ముందుకి కదిలింది.

"పాపం, పన్ను పోటు కాబోలు," అనుకున్నాడు కొట్టాయన.

క్షమించు, క్షమించు అని లోపల అనుకుంటూనే ఉంది దారిపొడుగునా. ఎవరితో అంటోందో అడగాలని ఆమెకి తోచలేదు.

చర్చిలో ఫాదర్ గారు అప్పటికే పాపసంకీర్తనం గూటిలో కూర్చున్నారు. బయట బెంచీ మీద ఆమె శిష్యులే వరసగా, పొద్దుటి అల్లరంతా ఎక్కడికి పోయిందో గాని, తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు. కోడలు వెళ్లి ఆ చివర కూర్చుంది.

"టీచరక్కా, మీరు కూడా తప్పు చేశారా?" అని గుసగుసగా అడిగాడు పక్కనున్నవాడు. పొద్దున బూటుకాలితో తొక్కినవాడు వాడే.

"చేశాను."

"పెద్దదా?"

"పెద్దదే."

వాడు జాలిగా చూశాడు. "భయపడకండి. కథ చెప్పొద్దు, తప్పు చెప్పండి. అంతే. మీరే చెప్పారుగా." తర్వాత ఆమె మొహం ఇంకోసారి చూసి, బెంచీ పొడుగునా ఒక మాట చేరవేశాడు. పిల్లలందరూ మోకాళ్లు పక్కకి తిప్పి దారిచ్చారు. "మీరు ముందు వెళ్లండి టీచరక్కా. మావి చిన్నవే."

లోపల మోకరించి, గూటి మధ్యనున్న చెక్కజాలీకి ఇవతల నుంచి మొదలుపెట్టింది. "ఫాదర్, పొద్దున సంచి ఖాళీగా ఉంటే, అత్తయ్యేమో మార్కెట్టుకి వెళ్లారు, సరే అని..." అని చటుక్కున ఆగింది. కథ చెప్పొద్దు, తప్పు చెప్పండి. గుండెలనిండా ఊపిరి తీసుకుంది. "దివ్యసత్ప్రసాదాన్ని పిల్లలకి ఆటవస్తువులా పంచాను ఫాదర్. కిందపడింది, తొక్కారు. నేను నవ్వాను. ఒక్కటి మాత్రం దొరికింది. ఇదిగో, నా చేతిలో ఉంది."

ఫాదర్ గారు జాలీ దగ్గరికి వంగారు.

"ఎక్కణ్నుంచి తీశావమ్మా?"

"అల్మరా పై అరలో, గుండ్రటి గిన్నెలోంచి."

"గిన్నె మీద తెల్ల పట్టుగుడ్డ కప్పి ఉందా?"

"లేదు ఫాదర్."

"పక్కన దీపం వెలుగుతోందా?"

"లేదు."

"ఆయన ఉన్నచోట ఏముంటాయని నేర్పావు పిల్లలకి?"

"గిన్నె మీద పట్టుగుడ్డ, పక్కన దీపం," అని ముందు బెంచీ పిల్లలా గడగడా అప్పచెప్పి, ఆమె నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

"మీ అత్తగారు నిన్నటి సంగతి మొత్తం చెప్పారా?"

"గుడ్డ మాడుతోందన్నారు ఫాదర్. నేను వచ్చేశాను."

జాలీకి అవతల ఏదో చప్పుడు. ఫాదర్ గారు దగ్గుతున్నారేమో అనుకుంది కోడలు. దగ్గు కాదు.

"పై అరలో పెట్టిన మాట నిజమే అమ్మా. అక్కడ ఎంతసేపున్నాడని! మీ అత్తగారు ఊరుకుంటే కదా. 'కొవ్వొత్తి ముక్కల పక్కన ఆయన్ని ఎలా కూర్చోబెడతారు ఫాదర్?' అని నన్ను నిలబెట్టి కడిగేశారు. అప్పటికప్పుడు ఆ గిన్నె పట్టుకుని పక్కనున్న సిస్టర్ల మఠానికి బయల్దేరాను. ఆవిడ ముందు కొవ్వొత్తి పట్టుకుని నడిచారు. నిన్నటి నుంచి ఆయన అక్కడి మందసంలో ఉన్నాడు. నువ్వు తీసింది దాని జంటగిన్నె. రేపటి పూజ కోసమని సంచిలోవన్నీ అందులో పోసి సిద్ధం చేశారు మీ అత్తగారు. అవి ఉత్త అప్పాలు."

ప్రాణం లేచొచ్చింది కోడలికి. ఎలాగూ మోకాళ్ల మీద ఉంది కాబట్టి సరిపోయింది గానీ, నిలబడి ఉంటే కూలబడేదే. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. పిల్లలు ఏమీ పోగొట్టుకోలేదు. రేపు రేపే. పిచ్చుకలు తిన్నది రొట్టె. తమ్ముడు ఉమ్మేసింది రొట్టె. గుండెల మీద బండ ఎవరో రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. కొంగుతో మొహం తుడుచుకుంది, అది చాలక మోచేత్తో తుడుచుకుంది.

"మరి నా పాపం ఫాదర్?"

"అత్తగారి మాట సగంలో వదిలేసి పరిగెత్తావు. ప్రాయశ్చిత్తంగా ఇంటికెళ్లి మిగతా సగం విను. ఆఖరిదాకా."

"అది చాలా పెద్ద శిక్ష ఫాదర్."

"నాకు తెలుసు," అన్నారాయన మెల్లగా. "ఇంకేమైనా చెప్పాలా?"

ఉంది. వారం రోజులుగా కూర్చుకున్న మాటలున్నాయి. నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెలియదు ఫాదర్, ఇక పిల్లలకి చెప్పలేను. కోడలు ఆ మాటల కోసం వెతుక్కుంది. మరి మధ్యాహ్నమంతా వీధి పొడుగునా వణికింది ఎవరు? క్షమించమని అడిగింది ఎవర్ని? వట్టి రొట్టె అనుకునే మనిషికి ఆ వణుకు ఎక్కణ్నుంచి వస్తుంది? ఆమె ఆ డబ్బా వైపు చూసుకుంది.

"చెప్పమ్మా."

"ఏం లేదు ఫాదర్," అంది కోడలు. "పొద్దున ఉండేది. ఇప్పుడు లేదు."

ఇంటికెళ్లేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. "నీళ్ల సీసా అందుకోమంటే ఊరి మీద పడ్డావేం? చూడు, అంచు మాడింది. ఆ మచ్చ పూలకుండీ కిందికి వచ్చేలా పరవాలి రేపు."

"తప్పయిపోయింది అత్తయ్యా. మిగతాది చెప్పండి."

"ఏ మిగతాది?"

"నిన్నటి కథ. ఆఖరిదాకా."

అత్తగారు అనుమానంగా చూసింది. మిగతాది చెప్పమని ఆవిడని ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కోడలు కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆవిడ చెప్పింది. కొవ్వొత్తి ముక్కల గొడవ, మఠం దాకా నడక, దారిలో గాలికి కొవ్వొత్తి ఆరిపోతే చెయ్యి అడ్డుపెట్టుకుని మళ్లీ వెలిగించడం, జంటగిన్నె తోమడం, చివరికి తాళాలాయన బావమరిది కొత్తింట్లో కుళాయి కారడం దాకా అన్నీ వచ్చాయి. అంతా విన్నాక కోడలు తన కథ చెప్పింది. ఎక్కడా దాచలేదు, బెంచీ మీద పిల్లలు దారివ్వడంతో సహా.

నవ్వుతుందనుకుంది. అత్తగారు నవ్వలేదు. కళ్లజోడు డబ్బా తెరిచి, మెత్తటి గుడ్డ మీద ఉన్న అప్పాన్ని చాలాసేపు చూసింది.

"ఇది ఉత్తదేనే అమ్మాయ్."

"తెలుసు అత్తయ్యా. అయినా పారేయబుద్ధి కావడం లేదు."

అత్తగారు దాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి కోడలి చేతిలో పెట్టింది, ఒకటి తను నోట్లో వేసుకుంది. "ఎన్నేళ్లు గడిచినా దీనికి ఉప్పు మాత్రం వేయరు కదా," అంది. తర్వాత కోడలి చెంప మీద కన్నీటి చారని ఇస్త్రీ చేసి కాయలు కాచిన చేత్తో తుడిచింది. "పెళ్లి కోసం మునిగిందట! ఆ వెనక బెంచీల వాళ్లని ఇప్పుడు రమ్మను, నేను చెబుతా." ఆ గుసగుసలు అత్తగారి చెవిన కూడా పడ్డాయని కోడలికి అప్పటిదాకా తెలియదు.

ఆదివారం పిల్లలు తెల్లబట్టల్లో, దువ్విన తలలతో, ఎవరి పిల్లలో గుర్తుపట్టలేనంత బుద్ధిగా ఉన్నారు. పీఠం గుడ్డ మీద మచ్చ పూలకుండీ కింద దాక్కుంది. వకీలమ్మ వంతు వచ్చినప్పుడు కోడలు బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. ముందు బెంచీ పెద్దాయన జోడు ఆ రోజు జారిందో లేదో ఆమెకి తెలియదు.

"క్రీస్తు శరీరము," అన్నారు ఫాదర్ గారు.

"ఆమెన్," అంది వకీలమ్మ. రెండు చేతులూ చాచింది. వేళ్లతో పట్టుకోలేదు, అరచేతుల్లోకి తీసుకుంది. తీసుకుని ఒక్క క్షణం ఊపిరి బిగపట్టి, తల వంచి, నోట్లో పెట్టుకుంది. కోడలు ఎదురుచూసింది. ఏమీ కాలేదు. ఆ పిల్ల తాపీగా నడుచుకుంటూ తన చోటికి వచ్చి కూర్చుంది.

పూజ అయ్యాక జనాన్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "ఓకారం రాలేదు టీచరక్కా!"

"చూశాను తల్లీ. ఎలా?"

"నిన్న మీరు మా ఇంట్లో పట్టుకున్నారు చూడండి. అలా పట్టుకున్నా. అలా పట్టుకుంటే రాలేదు."

ఆ పిల్లని అబద్ధం మీద నిలబెట్టకూడదని కోడలు, "నిన్నటిది ఉత్త అప్పమేనే," అంది.

"నాకు తెలుసు. మీరే కదా చెప్పారు. నిన్న మీరే మర్చిపోయారు," అంది వకీలమ్మ, ఇందులో ఇంత కంగారెందుకన్నట్టు. "అందుకే నాకు తెలిసిపోయింది."

"ఏం తెలిసింది?"

"నిన్న పొద్దున నేను అడిగానే, మీకు తెలుసా అని. అది." ఇంకో ప్రశ్న లేకుండా, తెల్లగౌను పైకెత్తి పట్టుకుని, వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తింది.

అత్తగారు వాడిన పూలు కొంగులో వేసుకుని వచ్చింది. "ఏమిటే, ఆ పిల్ల ఏమంటోంది? నువ్వెందుకు ఏడుస్తున్నావు?"

"ఏం లేదు అత్తయ్యా. కొత్త పిల్లల క్లాసు ఏ శనివారం నుంచి?"

"వచ్చే శనివారమే. కిందటేడు ఏమైందనుకున్నావు, అసలు ఆ క్లాసు శనివారానికి ఎందుకు మారిందో తెలుసా..." అని మొదలుపెట్టింది అత్తగారు. కోడలు బెంచీ మీద ఆవిడకి చోటిచ్చి, పక్కనే సర్దుకుని కూర్చుంది.